తలలో గడ్డ ఉంచి దానికే రేడియేషనా? అమ్మకి గామా నైఫ్ అన్నారు, బెంగళూరు, చెన్నైల్లో చేయించుకున్నవాళ్ళు చెప్పండి

కదిరి మల్లెలు

అమ్మకి 61. చాన్నాళ్ళుగా కుడి చెవిలో హోరు అంటోంది, ఫోను ఎడమ చెవికే పెట్టుకుంటుంది. నడిచేటప్పుడు కాస్త తూలు. పోయిన నెల ఈఎన్టీ డాక్టరు వినికిడి పరీక్ష చేసి వెంటనే ఎమ్మారై రాశారు. కుడివైపు వెస్టిబ్యులర్ ష్వానోమా (చెవి నుంచి మెదడుకి పోయే నరం మీద గడ్డ), 2.1 సెం.మీ. అని వచ్చింది. మెదడు కాండాన్ని, అంటే మెదడుని వెన్నుపాముతో కలిపే భాగాన్ని తాకుతోంది కానీ పక్కకు నెట్టలేదు అని రిపోర్టు.

మేము మారతహళ్ళిలో ఉంటాం. అమ్మని కదిరి నుంచి తీసుకొచ్చి ముగ్గురికి చూపించాం. మొదటాయన ఆపరేషన్ అన్నారు. రెండోచోట గామా నైఫ్ అన్నారు, తల కోయకుండా గడ్డకి రేడియేషన్ ఇవ్వడమట. మూడో ఆవిడ ఆరు నెలలు ఆగి ఇంకో ఎమ్మారై తీద్దాం అన్నారు. ముగ్గురూ పేరున్నవాళ్ళే. మాలాంటివాళ్ళు ఎవరి మాట వినాలి?

ఇంకో సంగతి అసలు మింగుడు పడటం లేదు. గామా నైఫ్ చేశాక గడ్డ పోతుందా అని అడిగితే, ఉంటుంది, పెరగకుండా ఆగుతుంది అన్నారు. ఉండేదానికి లక్షలు పోయడం ఎందుకు? "తీయించెయ్యండమ్మా, తలలో అది పెట్టుకుని ఎట్లా పడుకునేది" అంటుంది అమ్మ. తల కోయనివ్వను అంటారు నాన్న. అమ్మకి షుగరు కూడా ఉంది. ఇంట్లో రోజూ ఇదే పంచాయితీ.

హిందూపురం శీనా

నాకూ అదే గడ్డ, ఎడమ పక్క. గామా నైఫ్ చేయించుకుని ఏళ్ళయింది, గడ్డ ఇంకా నా తలకాయలోనే ఉంది. నేను రోజూ షాపు తెరుస్తాండా, బండి నడుపుతాండా. అమ్మని భయపడొద్దని చెప్పు తల్లీ. వివరంగా రాత్రికి రాస్తా.

పాలమూరు పోరడు

మా అన్నకు ఆపరేషనే జేసిండ్రు. గడ్డ 4 సెం.మీ., మెదడు కాండాన్ని మొత్తం పక్కకు నెట్టేసింది. గామా నైఫ్ అడిగితే ఇంత పెద్దదానికి జెయ్యం అని ముఖం మీదనే చెప్పిండ్రు. కాబట్టి ముందు సైజు సంగతి అడుగు అక్కా.

కోబాల్ట్ గారు

రేడియేషన్ విభాగంలో ఫిజిసిస్టుగా పనిచేస్తాను. మీ అమ్మగారి స్కాన్ చూడకుండా ఏది చేయించాలో చెప్పను. కానీ "ఉండేదానికి ఎందుకు" అన్న ప్రశ్నకి జవాబు చెప్పగలను, ఎందుకంటే మా దగ్గరికి వచ్చే ప్రతి కుటుంబం ఇదే అడుగుతుంది.

ఈ గడ్డ క్యాన్సర్ కాదు. ఒంటి తూకం (బ్యాలెన్స్) చూసుకునే నరం చుట్టూ ఉండే ష్వాన్ కణాల్లో పుడుతుంది. కాలేయానికో ఊపిరితిత్తులకో పాకదు. దానితో ముప్పంతా చోటు గురించే. పుర్రె లోపల ఆ మూల చాలా ఇరుకు: వినికిడి నరం, ముఖం కదిలించే నరం, ముఖానికి స్పర్శ ఇచ్చే నరం, వాటి పక్కనే మెదడు కాండం. గడ్డ పెరిగితే ఇవన్నీ నలుగుతాయి. పెరగడం ఆగితే నలగవు. క్యాన్సర్‌లో అయితే ఒక్క కణం మిగిలినా భయమే. ఇక్కడ ఆ లెక్క వర్తించదు.

ఇక పని ఎలా జరుగుతుందంటే, ఇప్పటి గామా నైఫ్ యంత్రాల్లో 192 కోబాల్ట్-60 మూలాలు ఉంటాయి. పాతవాటిలో 201 ఉండేవి. ఒక్కో కిరణం చాలా బలహీనం. 192 మంది 192 దిక్కుల నుంచి వచ్చి ఒకే మొక్క మొదట్లో తలా ఒక చెంబు నీళ్ళు పోశారనుకోండి, వాళ్ళు నడిచొచ్చిన దారి తడవదు, మొక్క మొదలు మాత్రం నిండిపోతుంది. ఈ గడ్డకి అంచు దగ్గర 12, 13 గ్రే (రేడియేషన్ కొలత) మోతాదు, ఒకే విడతలో ఇస్తారు. కణాల డీఎన్‌ఏ దెబ్బతిని అవి ఇక విభజన చెందలేవు. గడ్డకి రక్తం ఇచ్చే సన్న నాళాలు కూడా మెల్లగా మూసుకుంటాయి. ఇదంతా నెలలు, ఏళ్ళ మీద జరిగే పని. పదేళ్ళ తర్వాత చూసినా నూటికి 90 మందికి పైగా గడ్డ అదుపులోనే ఉంటుంది, చాలామందికి కుంచించుకుపోతుంది కూడా.

ఇది కొత్తగా వచ్చిన ప్రయోగం అనుకోకండి. స్వీడన్ న్యూరోసర్జన్ లార్స్ లెక్సెల్ 1951లోనే ఈ పద్ధతిని ప్రతిపాదించారు. మొదటి యంత్రం 1968లో స్టాక్‌హోమ్‌లో పని మొదలుపెట్టింది.

నెల్లూరు కారందోశ

కోబాల్ట్ గారూ, చెంబుల లెక్క మా నాన్నకి చదివి వినిపించాను. "అర్థమైంది, మరి మున్సిపాలిటీ వాళ్ళు మన వీధికి ఇట్లా ఎందుకు పొయ్యరు" అన్నాడు.

రాజాజీనగర్ రమ

మల్లెలూ, ముగ్గురూ మూడు చెప్పారంటే అందులో ఒకరు అబద్ధం చెప్పినట్టు కాదమ్మా. 2.1 సెం.మీ. అంటే మూడు దారులూ తెరిచి ఉన్న సైజు. నాది పిట్యూటరీ (మెదడు అడుగున ఉండే హార్మోన్ గ్రంథి) గడ్డ, నాకూ ఇద్దరు రెండు చెప్పారు. నువ్వు అడగాల్సింది "ఏది మంచిది" అని కాదు. "మా అమ్మ వయసుకి, షుగరుకి, ఈ చెవికి, ఈ గడ్డ కూర్చున్న చోటుకి ఏది మంచిది" అని అడుగు. జవాబులు దగ్గరపడతాయి.

కోబాల్ట్ గారు

రమ గారు చెప్పిందే. సుమారుగా 3 సెం.మీ. లోపు, మెదడు కాండాన్ని నెట్టనివి రేడియోసర్జరీకి, అంటే గామా నైఫ్ లాంటి కోత లేని రేడియేషన్‌కి అనుకూలం. పాలమూరు తమ్ముడి అన్నగారిలా కాండాన్ని నెట్టేసినప్పుడు ఆపరేషనే సరైన దారి. అప్పుడు ఆ ఒత్తిడిని వెంటనే తీయాలి, రేడియేషన్ ఆ పని చేయలేదు. పైగా రేడియేషన్ తర్వాత గడ్డ కొన్నాళ్ళు ఉబ్బే అవకాశం ఉంది, అంత ఇరుకులో అది ప్రమాదం.

హిందూపురం శీనా

ఆ ఉబ్బు సంగతి నేను చెప్తా, అనుభవించినోణ్ణి.

గామా నైఫ్ రోజు పొద్దున్నే తలకి ఫ్రేమ్ బిగిస్తారు. నుదుటి మీద రెండు, వెనక రెండు, మొత్తం నాలుగు చోట్ల మత్తు సూది వేసి స్క్రూలు బిగిస్తారు. మత్తు సూదే కందిరీగ కుట్టినట్టు చురుక్కుమంటాది, ఆ తర్వాత బిగువు తప్ప నొప్పి లేదు. ఫ్రేమ్‌తోనే ఎమ్మారై. ఆ తర్వాత డాక్టర్లు కంప్యూటర్ ముందు కూర్చుని ప్లాన్ చేస్తాంటే మనం కాచుకోని ఉండాల. యంత్రంలో పడుకున్నాక సప్పుడు లేదు, వేడి లేదు, ఏమీ తెలీదు. మైకులో మాట్లాడతాంటారు. అయిపోయినాక ఫ్రేమ్ తీసి కట్టు కట్టినారు. నుదురు, కళ్ళ చుట్టూ రెండు మూడు దినాలు వాచింది. నెత్తి మీద మొద్దుబారినట్టు కొన్ని వారాలు ఉన్నింది. జుట్టు గొరగలేదు, రాలలేదు.

అసలు భయం తర్వాత వచ్చింది. ఏడాది తిరక్కముందే ఊళ్ళో ఒక స్కాన్ సెంటర్లో ఎమ్మారై తీయించినాం. గడ్డ పెరిగింది అని రిపోర్టు రాసిచ్చినారు. మా ఇంట్లో ఆ రాత్రి ఎవురూ అన్నం తినలే. మా బామ్మర్ది వెంటనే ఆపరేషన్ చేయిద్దాం అని కూర్చున్యాడు. వైద్యం చేసిన డాక్టరు దగ్గరికి పోతే పాత స్కాన్, కొత్త స్కాన్ పక్కపక్కన పెట్టి చూపించినాడు. అంచు ఉబ్బింది, నడుమ మాత్రం నల్లగా అయింది. లోపల చచ్చిపోతా ఉంది, ఇది మేము అనుకున్నదే, ఆగు అన్నాడు. తర్వాతి స్కాన్లో మొదటి సైజుకి వచ్చింది, ఆ తర్వాత ఇంకా తగ్గింది. కాబట్టి స్కాన్ యాడ తీయించినా వైద్యం చేసిన వాళ్ళకే చూపించాల. రిపోర్టు కాగితం మీద ఒక్క ముక్క చదివి పరుగెత్తొద్దు.

కదిరి మల్లెలు

శీనా అన్నా, ఇది ఒక్క డాక్టరు కూడా ముందే చెప్పలేదు. ఆ ఉబ్బు ఎన్నాళ్ళు ఉంటుంది? అందరికీ వస్తుందా?

కోబాల్ట్ గారు

అందరికీ రాదు. వచ్చినవాళ్ళకి ఎక్కువగా ఆరు నెలల నుంచి ఏడాదిన్నర మధ్య కనిపిస్తుంది, కొందరికి ఇంకా ఎక్కువ కాలం ఉంటుంది. అందుకే ఆరు నెలలకి, ఏడాదికి, ఆపైన ఏటేటా ఎమ్మారై. ఆ స్కాన్లు వైద్యంలో భాగమే, వాటిని ఎగ్గొడితే సగం వైద్యం చేయించుకున్నట్టు. తలనొప్పి కొత్తగా పెరగడం, నడక బాగా తూలడం, వాంతులు, ముఖం ఒకవైపు లాగడం కనిపిస్తే మాత్రం తేదీ కోసం ఆగకుండా చూపించాలి. కొద్దిమందికి తలలో నీరు నిలుస్తుంది, దానికి వేరే చికిత్స అవసరమవుతుంది.

ఆకుపసరు

ఎందుకండీ ఈ రేడియేషన్లు. మాకు తెలిసినాయన మూడు నెలలు కాకర రసం, పచ్చి పసుపు తీసుకున్నాడు. స్కాన్లో గడ్డ ఒక్క మిల్లీమీటరు పెరగలేదు. డాక్టర్లే ఆశ్చర్యపోయారు.

ఆడియోగ్రామ్ ఆవిడ

ఆకుపసరు గారూ, ఈ గడ్డల్లో చాలావాటికి ఏ మందూ ఇవ్వకపోయినా ఏళ్ళ తరబడి పెరగవు. పెరిగేవి కూడా సగటున ఏడాదికి ఒకటి రెండు మి.మీ. పెరుగుతాయి. మూడు నెలల్లో పెరగకపోవడంలో కాకరకాయ ఘనత ఏమీ లేదు. షుగరు మాత్రలు వేసుకునే పెద్దావిడకి మోతాదు తెలియని కాకర రసం పడితే షుగరు పడిపోతుంది. ఇలాంటివి ఇక్కడ రాయొద్దు, ప్రాణాల సంగతి.

మల్లెలు గారూ, నేను మడివాలలో వినికిడి పరీక్షలు చేస్తాను. మీ అమ్మగారి వైద్యంలో చెవి ఎంత మిగిలి ఉందన్నది పెద్ద లెక్క. శబ్దం ఎంత మోతాదులో వినిపిస్తోంది అన్నది ఒకటి, మాటలు ఎన్ని సరిగ్గా తిరిగి చెప్పగలుగుతోంది అన్నది రెండోది. 50 డెసిబెల్ కంటే మెరుగ్గా, మాటల్లో సగమైనా సరిగ్గా చెప్పగలిగితే ఆ చెవి ఇంకా పనికొచ్చే చెవి కింద లెక్కేస్తారు. ఇక్కడే బెంగళూరులో మనవాళ్ళకి ఒక చిక్కు. ఆ మాటల పరీక్ష ఏ భాషలో పెట్టారు? కన్నడంలోనో ఇంగ్లీషులోనో పెడితే, కదిరి నుంచి వచ్చిన ఆవిడకి మార్కులు తక్కువే వస్తాయి. అది చెవి లోపం కాదు. తెలుగు మాటల పట్టికతో పరీక్ష ఉంటుంది, పట్టుబట్టి అడగండి.

కదిరి మల్లెలు

అవునండీ! అమ్మ బయటికొచ్చి "అవేవో కన్నడ మాటలు, సగం అర్థం కాలేదు" అంది. మేము పట్టించుకోలేదు. రేపే మళ్ళీ చేయిస్తాను.

వేలచేరి వాణి

మాది చెన్నై. మా ఆయనకి సైబర్‌నైఫ్ చేయించాం, అదీ గామా నైఫ్ లాంటి రేడియేషనే. స్క్రూలు, ఫ్రేమ్ ఏమీ లేవు. ప్లాస్టిక్ వల మాస్క్ వేడినీళ్ళలో మెత్తబరిచి ముఖానికి అచ్చు పోస్తారు, అంతే. అయిదు విడతలు, పూట పని, ఇంటికొచ్చేసేవాళ్ళం. మీ అమ్మకి స్క్రూల బాధ ఎందుకు? అదీ చూడండి, బెంగళూరులోనూ ఉంది.

హిందూపురం శీనా

వాణక్కా, స్క్రూలంటే అంత భయపెట్టొద్దు. ఒక్క పూటలో అయిపోయింది నాకు. దినాం ట్రాఫిక్‌లో పోయి రావడం కన్నా అదే మేలు. మారతహళ్ళి నుంచి హోసూరు రోడ్డుకి దినాం పోయిరమ్మంటే ఆ తల్లికి గడ్డ కన్నా ముందు నడుము పోతాది.

వేలచేరి వాణి

ట్రాఫిక్ సంగతి ఒప్పుకుంటా. కానీ కిరణం తగిలేటప్పుడు తల కదిలితే ఎలా అని మేం భయపడ్డాం. సైబర్‌నైఫ్‌లో మధ్యమధ్యలో ఎక్స్‌రే తీసి తల ఎక్కడుందో చూసుకుని రోబో చెయ్యి సర్దుకుంటుంది. అది నాకు ధైర్యం ఇచ్చింది.

కోబాల్ట్ గారు

ఇద్దరిదీ నిజమే, పోటీ పెట్టాల్సిన పని లేదు. సైబర్‌నైఫ్‌లో కోబాల్ట్ ఉండదు, రోబో చేతికి చిన్న లీనియర్ యాక్సిలరేటర్ (కరెంటుతో ఎక్స్‌రే కిరణాలు పుట్టించే యంత్రం) బిగించి ఉంటుంది. దాన్ని తయారుచేసిన జాన్ ఆడ్లర్ స్టాన్‌ఫర్డ్ న్యూరోసర్జన్, లెక్సెల్ దగ్గరే ఈ విద్య చూసి వెళ్ళారు. గామా నైఫ్‌లోనూ 2015లో వచ్చిన ఐకాన్ మోడల్ నుంచి మాస్క్‌తో చేసే వీలుంది. చిన్న గడ్డ, ఒకే విడత అయితే ఫ్రేమ్‌తో గామా నైఫ్ బాగా కుదురుతుంది. గడ్డ కొంచెం పెద్దది, కంటి నరానికి ఆనుకుని ఉంది, మోతాదుని మూడు లేక అయిదు విడతలుగా పంచాలి అనుకుంటే మాస్క్ పద్ధతి హాయి. ఫలితాల్లో ఒకటి ఇంకోదాన్ని ఓడించేంత తేడా లేదు. ఆ యంత్రం మీద ఆ బృందం ఇలాంటి గడ్డలు ఎన్ని చేసింది, ప్లాన్ ఎంత శ్రద్ధగా వేస్తుంది, అది చూడండి.

ఒకటి గుర్తుంచుకోండి. కోబాల్ట్-60 బలం సుమారు 5.27 ఏళ్ళకి సగమవుతుంది. మూలాలు పాతబడినచోట అదే మోతాదుకి ఎక్కువసేపు పడుకోవాలి. మోతాదు మాత్రం తగ్గదు. పక్కింటాయనకి అరగంటలో అయింది, మాకు గంటన్నర పట్టింది, ఎక్కువ రేడియేషన్ పెట్టారేమో అని కంగారు పడొద్దు.

పాలమూరు పోరడు

చెన్నైల ప్రోటాన్ కణాలతో రేడియేషన్ ఇచ్చే సెంటర్ ఉంది గదా, తరమణిల. అది ఇంకా గొప్పది అంటున్నరు?

కోబాల్ట్ గారు

2019 నుంచి ఉంది. పిల్లల మెదడు గడ్డలకి, పుర్రె అడుగున పెద్దగా పాకిన వాటికి, కార్డోమా (పుర్రె అడుగు ఎముకలో, వెన్నులో పుట్టే గడ్డ) లాంటివాటికి అది విలువైన యంత్రం. 2 సెం.మీ. ష్వానోమాకి దాని అవసరం సాధారణంగా ఉండదు.

పాలమూరు పోరడు

సరే. మరి ఆపరేషన్‌ను అందరూ భూతం లెక్క చూస్తున్నరు గనుక మా అన్న సంగతి చెప్త. పొద్దుగూకే దాకా ఆపరేషన్. ముఖం నరానికి అంటుకున్న చిన్న ముక్కను కావాలనే వదిలేసిండ్రు, గీకితే ముఖం వంకర పోతదని. అయినా కొన్ని నెలలు ఎడమ కన్ను సరిగ మూసుకోలే, రాత్రిపూట చుక్కలు, టేపు. ఇప్పుడు నవ్వితే కొంచెం తెలుస్తది, అంతే. ఆ మిగిలిన ముక్కకు తర్వాత గామా నైఫ్ జేసిండ్రు. ఆపరేషన్ జెయ్యకుంటే మా అన్న ఉండేటోడు కాదు. ఇంకోటి, రేడియేషన్ పనిజేయక తర్వాత ఆపరేషన్ జేస్తే గడ్డ నరానికి అతుక్కొని కష్టం అయితదని సర్జన్ చెప్పిండు. అది గూడ లెక్కల పెట్టుకో అక్కా.

కోబాల్ట్ గారు

మీ సర్జన్ చెప్పింది చాలామంది సర్జన్లు చెప్పేదే. అయితే అలా ఆపరేషన్ దాకా వెళ్ళేవాళ్ళు నూటికి కొద్దిమందే. ముఖం నరం బలహీనం కావడం ఇప్పటి మోతాదుల్లో నూటికి ఒకరి స్థాయిలో ఉంటుంది. కావాలని ముక్క వదిలి దానికి రేడియోసర్జరీ చేయడం పెద్ద గడ్డల్లో ఇప్పుడు మంచి పద్ధతి. మీ అన్నగారి సర్జన్ వివేకం ఉన్న మనిషి.

కదిరి మల్లెలు

మరి ఆరు నెలలు ఆగమన్న డాక్టరమ్మ మాట? నాన్న ఇప్పుడు దాన్నే పట్టుకున్నారు. ఏమీ చేయకపోతే ఖర్చూ లేదు, కోతా లేదు అని.

కోబాల్ట్ గారు

ఆగడం కూడా గౌరవమైన దారే, కాకపోతే స్కాన్లు తప్పకుండా తీయిస్తూ ఆగాలి. నార్వేలోని బెర్గెన్‌లో 100 మందిని చీటీలు వేసినట్టు రెండు గుంపులుగా విడదీసి చూశారు, ఫలితం 2023లో జామా అనే వైద్య పత్రికలో వచ్చింది. 50 మందికి వెంటనే రేడియోసర్జరీ, 50 మంది ఆగి చూడటం. నాలుగేళ్ళకి వెంటనే చేయించుకున్నవాళ్ళ గడ్డలు మొత్తం మీద చిన్నవయ్యాయి. ఆగినవాళ్ళవి పెరిగాయి, వాళ్ళలో 21 మందికి ఆ నాలుగేళ్ళలోనే రేడియోసర్జరీ చేయాల్సి వచ్చింది. వినికిడిలో, రోజువారీ జీవితంలో రెండు గుంపులకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే ఇంకో వైపు నుంచి చూస్తే, సగం కంటే ఎక్కువమందికి ఆ నాలుగేళ్ళూ ఏమీ చేయాల్సిన పని రాలేదు.

కానీ అవి 2 సెం.మీ. లోపు గడ్డలు. మీ అమ్మగారిది ఆ గీత దాటింది, కాండాన్ని తాకుతోంది. ఇంకాస్త పెరిగితే రేడియోసర్జరీ దారి మూసుకుపోయి ఆపరేషన్ ఒక్కటే మిగలొచ్చు. ఆ డాక్టరమ్మని ఇదే అడగండి: ఆగి, పెరిగితే, మనకి ఏ దారులు మిగులుతాయి?

ఆడియోగ్రామ్ ఆవిడ

వినికిడి గురించి ఆశ ఎక్కువ పెట్టుకోకండని కూడా చెప్పాలి. పోయిన వినికిడి రేడియేషన్‌తో తిరిగి రాదు, హోరు కూడా పోతుందని హామీ లేదు. మిగిలి ఉన్నది మొదటి కొన్నేళ్ళు సగానికి పైగా మందికి నిలుస్తుంది, తర్వాత మెల్లగా తగ్గుతూ పోతుంది. ఏమీ చేయకుండా ఆగినా తగ్గుతుంది. ప్లాన్ వేసేటప్పుడు లోపలి చెవికి, అంటే కాక్లియాకి పడే మోతాదుని 4 గ్రే లోపు ఉంచమని అడగొచ్చు, చాలాచోట్ల అడగకుండానే ఆ జాగ్రత్త తీసుకుంటారు. తర్వాత ఆ చెవి పూర్తిగా పోయినా, అటువైపు మాటని మంచి చెవికి చేరవేసే క్రాస్ పరికరాలు ఉన్నాయి.

బీటీఎమ్ బాబాయ్

డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు. బీమా కంపెనీలో క్లెయిమ్‌లు చూసి రిటైరైనవాణ్ణి, చెప్తాను వినండి.

2019లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఒక మార్గదర్శకం ఇచ్చింది. కొత్త వైద్య పద్ధతులు 12 పేర్లతో రాసి, వీటిని పాలసీల్లో కవర్ చేయాలి అంది. అందులో స్టీరియోటాక్టిక్ రేడియో సర్జరీ ఉంది, గామా నైఫ్, సైబర్‌నైఫ్ ఈ పేరు కిందకే వస్తాయి. కాబట్టి "ఇది ప్రయోగాత్మక వైద్యం, ఇవ్వం" అని ఎవరైనా అంటే మీ పాలసీ పత్రంలో ఆ పేరు ఉన్నచోటు చూపించండి. కాకపోతే ఆ పద్ధతులకి లోపలి పరిమితి పెట్టుకునే వీలు కంపెనీకి ఉంది, బీమా మొత్తంలో సగం అనో, ఇంత లక్షలనో. అది పాలసీ పత్రంలో చిన్న అక్షరాల్లో ఉంటుంది, వెతకండి. 24 గంటలు ఆసుపత్రిలో ఉండలేదు అనే కొర్రీ పెట్టకుండా డే కేర్ కింద రాస్తున్నారా అని ఆసుపత్రి బీమా డెస్క్‌లో ముందే కనుక్కోండి. ముందస్తు అనుమతి లేకుండా డబ్బు కట్టేయొద్దు.

మీ అమ్మ పేరు మీద క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీ ఏమైనా ఉందా? ఉంటే క్యాన్సర్ కాని మెదడు గడ్డ కూడా దాని జాబితాలో ఉండొచ్చు. నిర్ణీత నిర్వచనం ప్రకారం 90 రోజులు వరసగా నిలిచిన శాశ్వత నరాల లోపమైనా ఉండాలి, లేదంటే గడ్డకి ఆపరేషనో రేడియేషనో జరిగి ఉండాలి. కపాల నరాల గడ్డలు అందులోకి వస్తాయి. పిట్యూటరీ గడ్డలు రావు.

రాజాజీనగర్ రమ

ఆ చివరి వాక్యం నా ఒంటి మీద పడిన దెబ్బ బాబాయ్ గారూ. నాకు ఇవ్వలేదు. నాది గ్రోత్ హార్మోన్ ఎక్కువ చేసే గడ్డ. ఉంగరాలు పట్టేవి కావు, చెప్పుల సైజు పెరిగింది. ముక్కులోంచి ఆపరేషన్ చేసి చాలావరకు తీశారు. పక్కన పెద్ద రక్తనాళం చుట్టూ మిగిలినదానికి గామా నైఫ్. కంటి నరానికి, గడ్డకి మధ్య కొద్ది మి.మీ. ఎడం ఉంది కాబట్టే చేయగలిగారు. కంటి నరానికి 8 గ్రే దాటకుండా చూసుకుంటారట. హార్మోన్ ఒక్కరోజులో దిగలేదు, రక్తపరీక్షల్లో ఏటేటా కొంచెం కొంచెం దిగుతూ వచ్చింది, అంతవరకూ ఇంజెక్షన్లు. ఇప్పుడు థైరాయిడ్ తక్కువైంది, మాత్ర వేసుకుంటాను. పిట్యూటరీకి రేడియేషన్ చేయించుకున్నవాళ్ళు హార్మోన్ పరీక్షలు జీవితాంతం మానకూడదు. ఎవరైనా చదువుతారని రాస్తున్నాను.

పీలేరు బుజ్జి

రమక్కా, మా ఆవిడది మెనింజియోమా, అంటే మెదడు పొరలో పుట్టే గడ్డ, కంటి వెనకాల కావర్నస్ సైనస్ అనే చోట. ఒకటి రెండుగా కనిపించేది. ఆడ ఆపరేషన్ చేస్తే కన్ను తిప్పే నరాలు పోతాయన్నారు, రేడియేషనే చేయించినాం. రెండుగా కనిపించేది పూర్తిగా పోలేదు, తగ్గింది. గడ్డ అట్లనే ఉంది, కదల్లేదు. మాకు అంతే చాలు. ఆంధ్రా ఆరోగ్యశ్రీ కార్డు బెంగళూరులో చెల్లుతుందా? అప్పుడు మేం తెలుసుకోలేదు.

బీటీఎమ్ బాబాయ్

బుజ్జీ, ఆరోగ్యశ్రీని (2024 నుంచి దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ) 2019 నవంబరు నుంచి బెంగళూరు, చెన్నై, హైదరాబాదుల్లో ఎంపిక చేసిన ఆసుపత్రులకి విస్తరించారు. ఏ ఆసుపత్రి, ఏ వైద్యం అన్నది మారుతుంటుంది కాబట్టి మీ ఊరి ఆరోగ్యమిత్రని అడిగి బయల్దేరాలి. బెంగళూరులోని నిమ్హాన్స్ ఆసుపత్రిలో గామా నైఫ్ ఉంది, ప్రభుత్వ సంస్థ కనుక ప్రైవేటు కంటే ఖర్చు బాగా తక్కువ. అక్కడి సోషల్ వర్కర్‌ని కలిసి రాయితీ గురించి అడగండి.

నెల్లూరు కారందోశ

మా అమ్మమ్మకి చేయించినప్పుడు మా అక్క కొడుకు ఫ్రేమ్ ఫోటో చూసి అమ్మమ్మకి కిరీటం పెట్టారన్నాడు. ఆవిడ ఆ ఫోటో ఫ్రేము కట్టించుకుంది. ఒక సందేహం మాత్రం అప్పుడు ఎవర్నీ అడగలేకపోయాం. చేయించుకున్న వెంటనే చంటిపిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకోవచ్చా? వాడిని నెల రోజులు దగ్గరికి రానివ్వలేదు.

కోబాల్ట్ గారు

అదే రోజు కూర్చోబెట్టుకోవచ్చు. కిరణాలు బయటి నుంచి వచ్చి పోతాయి, ఒంట్లో ఏమీ మిగలదు. అమ్మమ్మ నుంచి ఎవరికీ రేడియేషన్ రాదు.

కదిరి మల్లెలు

మళ్ళీ వచ్చాను. మాటల పరీక్ష తెలుగులో చేయించాం. కన్నడంలో వచ్చినదాని కంటే చాలా మెరుగ్గా వచ్చింది, పనికొచ్చే చెవి కిందే లెక్క అన్నారు. ఆ కాగితం, స్కాన్ సీడీ పట్టుకుని గామా నైఫ్ చెప్పినచోటికి, ఆగమన్న డాక్టరమ్మ దగ్గరికి మళ్ళీ వెళ్ళాం. కోబాల్ట్ గారు రాసిన ప్రశ్నే అడిగాను. ఆవిడ స్కాన్ మళ్ళీ తెరిచి చూసి, "పెరిగితే ఆపరేషన్ తప్ప మిగలదు, ఈ వయసుకి, షుగరుకి ఇప్పుడే గామా నైఫ్ చేయించడం నాకూ సమ్మతమే" అన్నారు. ఆపరేషన్ చెప్పినాయన మాత్రం తన మాట మీదే ఉన్నారు, కానీ గామా నైఫ్ తప్పని అనలేదు.

అమ్మని ఒప్పించింది డాక్టర్లు కాదు, శీనా అన్న. ఆయన రాసింది మొత్తం చదివి వినిపించాను. "ఆయప్ప షాపు తెరుస్తున్నాడు కదా, సరే పద" అంది. ఇప్పుడు ఇంకో చిక్కు. అమ్మ ముక్కుపుడక పెళ్ళినాటిది, రాదు.

హిందూపురం శీనా

మీ అమ్మకి నా నమస్కారం చెప్పు తల్లీ. ముందుకి బొత్తాలుండే జాకెట్టో, నైటీనో వేయించు. ఫ్రేమ్ బిగించినాక తల మీద నుంచి ఏదీ దూరదు.

ఆడియోగ్రామ్ ఆవిడ

ముక్కుపుడక కంసాలి దగ్గర ముందే కత్తిరించి తీయించండి. ఎమ్మారై గది దగ్గర ఆ ఉదయం మొదలుపెడితే ఆలస్యం, ఆవిడకీ ఏడుపు. మెట్టెలు, తాళి, గాజులు కూడా ఇంట్లోనే తీసి పసుపుతాడు కట్టుకోమనండి.

రాజాజీనగర్ రమ

షుగరు సంగతి మర్చిపోకు. వాపు రాకుండా స్టీరాయిడ్ ఇస్తే షుగరు బాగా పెరుగుతుంది. ఎన్నాళ్ళు ఇస్తారో, ఇన్సులిన్ కావాలో ముందే షుగరు డాక్టర్ని అడుగు. ఎమ్మారైలో ఎక్కించే మందుకి క్రియాటినిన్ (కిడ్నీల) పరీక్ష కూడా చూస్తారు.

కోబాల్ట్ గారు

పాత ఎమ్మారై సీడీలు ఒక్కటీ పారేయకండి. రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు, బొమ్మలున్న సీడీ కావాలి. దాన్ని మీ కంప్యూటర్లోకి ఎక్కించి ఇంకో కాపీ ఉంచండి, సీడీలు గీసుకుపోతాయి. తర్వాతి స్కాన్లు వీలైతే అదే యంత్రం మీద తీయించండి, పోల్చడం సులువు.

కదిరి మల్లెలు

అన్నీ రాసుకున్నాను. బీమా వాళ్ళ ముందస్తు అనుమతికి కాగితాలు పంపాం. పాలసీలో లోపలి పరిమితి ఉంది, బాబాయ్ గారు చెప్పినట్టు చిన్న అక్షరాల్లోనే దొరికింది. మిగతాది మేం కట్టుకోగలం. వచ్చే నెలలో తేదీ ఇచ్చారు.

బీటీఎమ్ బాబాయ్

అనుమతి పత్రంలో వైద్యం పేరు స్టీరియోటాక్టిక్ రేడియో సర్జరీ అనే ఉందో లేదో చూడమ్మా. వట్టి రేడియోథెరపీ అని రాస్తే దిద్దించాకే చేరండి.